ప్రవాసంలో ప్రదక్షిణ: పియెత్రో దెల్లా వాల్లె సూరత్, గోవా లేఖల పరిశీలన

1623 మార్చి 15న సూరత్ నగరంలో వసంతోత్సవం ఆరంభమైంది. వీధుల్లో నృత్యాలు, పాటలు, విచిత్ర వేషాలు, ఒకరిపై ఒకరు రంగునీళ్ళు చల్లుకునే కోలాహలం. ఆ సందడిని ముప్పై ఆరేళ్ళ రోమన్ యాత్రికుడొకడు శ్రద్ధగా గమనించి, తన మిత్రునికి రాసిన లేఖలో నమోదు చేశాడు. ఆయనకు ఆ పండుగ కొత్తది కాదు. అంతకు పూర్వం పర్షియా రాజధాని ఇస్ఫహాన్‌లో, అక్కడ స్థిరనివాసం ఏర్పరచుకున్న బనియా వర్తకుల మధ్య, అదే హోలీని ఆయన చూసి ఉన్నాడు. సూరత్‌లో ఆ సంగతిని స్మరించుకుంటూ, స్వదేశం కావడం వల్ల ఇక్కడ జనసమ్మర్దమూ వైభవమూ హెచ్చుగా ఉన్నాయని మాత్రమే ఆయన రెండింటికీ భేదం చెప్పాడు. పరదేశంలో జరిగినది నకలు అనీ, స్వదేశంలో జరిగినదే అసలు అనీ వింగడించి తూచలేదు.

సుమారు ఆరు వారాల అనంతరం, ఏప్రిల్ 27న, గోవా వీధుల్లో ఆయన మరొక ఉత్సవాన్ని చూశాడు. ఈసారి అది ఆయన సొంత మతానికి చెందినది. కతోలిక సంఘం అత్యంత గంభీరంగా జరుపుకునే దివ్యసత్ప్రసాద ప్రదక్షిణ అది. సూరత్‌లో పరమతస్థుల పండుగ ముందు చూపిన సమభావం ఇక్కడ ఆయనలో కానరాదు. స్వదేశానికి దూరంగా తన సంప్రదాయం ఎదురైనప్పుడు యాత్రికుని దృష్టి ఎందుకు కఠినమైంది? ఈ ప్రశ్న ఆధారంగా ఆ లేఖలను చదివితే, ప్రవాసంలో ఉత్సవం పొందే రూపం గురించీ, దాన్ని చూసే కంటి స్వభావం గురించీ కొన్ని విషయాలు బోధపడతాయి.

ఆ యాత్రికుడు పియెత్రో దెల్లా వాల్లె. 1586లో రోమ్ నగరంలోని సంపన్న కుటుంబంలో జన్మించాడు. 1614లో వెనిస్ రేవు నుంచి ఓడ ఎక్కి తుర్కీ, ఈజిప్టు, పాలస్తీనా ప్రాంతాలను దర్శించి బాగ్దాద్ చేరాడు. అక్కడ 1616లో మాఅనీ అనే తూర్పు క్రైస్తవ యువతిని వివాహం చేసుకున్నాడు. తరువాత కొన్నేళ్ళు పర్షియాలో గడిపాడు. తన అనుభవాలను నేపుల్స్‌లోని వైద్యుడు, పండితుడు అయిన మారియో స్కిపానోకు లేఖలుగా రాశాడు. ఆ 54 లేఖల సంపుటాల్లో తుర్కీ భాగం 1650లో వెలువడగా, పర్షియా, భారతదేశ భాగాలు 1652లో ఆయన మరణించిన తరువాత ప్రచురితమయ్యాయి. భారతదేశ లేఖలు 1663లో అచ్చయిన వెంటనే ఆంగ్లంలోకి వచ్చాయి. ఆ అనువాదాన్నే 1892లో హక్లూయిట్ సొసైటీ రెండు సంపుటాలుగా, ఎడ్వర్డ్ గ్రే సంపాదకత్వంలో పునర్ముద్రించింది. వర్తకం కోసమో, రాయబారం కోసమో, మతప్రచారం కోసమో గాక, తెలుసుకోవాలనే కోరికతో దేశాలు తిరిగినవాడు కావడం వల్ల ఆయన రచనకు ఒక ప్రత్యేకత ఏర్పడింది.

1623 ఫిబ్రవరిలో ఆంగ్లేయుల ఓడలో ఆయన సూరత్ రేవు చేరేనాటికి జహంగీర్ పాలన సాగుతున్నది. నగరంలో హిందువులు, ముస్లింలు, పారశీకులు, ఐరోపా వర్తకులు ఎవరి ఆచారం వారు పాటిస్తూ ఉండేవారు. మొగలు చక్రవర్తి ప్రజల మధ్య మతభేదం పాటించకపోవడం వల్ల అందరూ కలసిమెలసి జీవిస్తున్నారని దెల్లా వాల్లె మెచ్చుకున్నాడు. ఆయనకు ఆతిథ్యమిచ్చి ఆదరించినవారు ఆంగ్లేయ, డచ్చి కంపెనీల ఉద్యోగులు. వారు ప్రొటెస్టెంటులు. సత్ప్రసాదాన్ని వీధుల్లో ఊరేగించడాన్ని ఆ సంఘాలు తిరస్కరించిన కాలం అది. అంటే సూరత్‌లో ఆయనకు ఆతిథ్యం లభించింది గాని, తన మతానుష్ఠానంలో తోడు లభించలేదు. ఆ నగరంలో ఆయన మనసు పెట్టి వర్ణించిన వీధి ఉత్సవం హోలీయే కావడం ఈ నేపథ్యంలో గమనార్హం. తొమ్మిదేళ్ళుగా ఇల్లు విడిచి తిరుగుతున్న మనిషి ఇతరుల పండుగలను చూడడం అలవాటు చేసుకున్నాడు. ఆ అలవాటు ఆయన దృష్టికి విశాలతను ఇచ్చింది.

గోవా పరిస్థితి వేరు. అది పోర్చుగీసు తూర్పు సామ్రాజ్యానికి రాజధాని. వైస్రాయి, ప్రధాన దేవాలయం, మఠాలు, గురువుల సమూహాలు అన్నీ ఉన్న కతోలిక నగరం. చాలా కాలానికి తన సంఘం మధ్యకు వచ్చినవానికి అక్కడ ఊరట లభించి ఉండాలి. దివ్యసత్ప్రసాద మహోత్సవాన్ని 1264లో నాల్గవ ఉర్బన్ పోపు సార్వత్రిక సంఘానికి విధించాడు. సత్ప్రసాదాన్ని వీధుల్లో ఊరేగించే ఆచారాన్ని 1551లో ట్రెంట్ మహాసభ గట్టిగా సమర్థించింది. సంఘం తన విశ్వాసాన్ని వీధిలో, నలుగురి ఎదుట ప్రకటించే సందర్భంగా ఆ ప్రదక్షిణ రూపొందింది. పోప్ నగరమైన రోమ్‌లో పుట్టి పెరిగినవానికి అది బాల్యం నుంచీ కళ్ళలో నిలిచిన దృశ్యం.

నియమం ప్రకారం ఆ పండుగ 1623లో జూన్ నెల మధ్యలో రావాలి. గోవాలో జూన్ అంటే నైరుతి ఋతుపవనాలు విరుచుకుపడే కాలం. గుడారాలు, పట్టువస్త్రాలు, దీపాలు ఆ వానలో నిలవవు. కనుక అక్కడి సంఘం ఊరేగింపును ఈస్టరు తరువాతి రోజులకు జరిపి ఏప్రిల్‌లో జరిపించేది. ఈ కారణాన్ని దెల్లా వాల్లె స్పష్టంగానే నమోదు చేశాడు. పిమ్మట తాను చూసినది రాశాడు. గురువర్గమంతా తరలి వచ్చింది. వీధుల అలంకారంలో వస్త్రాల కంటె పచ్చని కొమ్మలే అధికం. దైవరహస్యాలను ప్రదర్శించే వేషధారులు, కృత్రిమ మృగాలు, నృత్యాలు, ముసుగు వేషాలు ఊరేగింపులో కలిసి నడిచాయి. ఇవన్నీ తమ దేశంలో మహానగరాలకు గాక పల్లెలకు తగినవని ఆయన తేల్చాడు.

ఈ తీర్పును నిదానంగా పరిశీలించాలి. పచ్చని కొమ్మలు, ఆటపాటలు, వేషాలు అనే మూడింటిలో రెండు సూరత్ హోలీలోనూ ఉన్నాయి. అక్కడ అవి ఆయనకు వేడుకగా తోచాయి, ఇక్కడ మొరటుదనంగా తోచాయి. పైగా ఆయన నాటుదనం అనుకున్నది గోవా మట్టిలో మాత్రమే పుట్టినది కాదు. పోర్చుగల్, స్పెయిన్ దేశాల మహానగరాల్లోనే సత్ప్రసాద ప్రదక్షిణలో నృత్యబృందాలు, రాక్షసాకారాలు, కృత్రిమ సర్పాలు సాగే ఆచారం అప్పట్లో ప్రసిద్ధం. లిస్బన్ రాజధానిగా గల రాజ్యం తన పండుగను తన పద్ధతిలోనే గోవాకు తెచ్చుకుంది. ఆ పద్ధతికి ఇక్కడి కొమ్మలు, ఇక్కడి మనుషులు, ఇక్కడి ఋతువు తోడయ్యాయి. దెల్లా వాల్లె పోల్చినది పల్లెను నగరంతో కాదు, లిస్బన్‌ను రోమ్‌తో. ఒక మతానికి ఒకే రూపం ఉంటుందనీ, అది తన ఊరి రూపమేననీ ఆయన భావించాడు. ఈ పొరపాటు ఆయన ఒక్కనిదే కాదు. ఇల్లు విడిచిన ప్రతివాడూ ఇంటిని చివరిసారి చూసిన స్థితిలోనే మనసులో భద్రపరచుకుంటాడు. పరాయి పండుగను పోల్చేందుకు ఆ చిత్రం అవసరం లేదు. సొంత పండుగ ఎదురైనప్పుడు మాత్రం ఆ చిత్రం అడ్డు వస్తుంది.

ఆ వర్షాకాలం గడిచేలోగా జరిగిన మరొక సంగతి ఈ తీర్పును కొంత సడలిస్తుంది. అవిలాపురి తెరేసమ్మను, ఇఞ్ఞాసివారిని, ఫ్రాన్సిస్ జేవియర్‌ను 1622 మార్చిలో పోపు పునీతులుగా ప్రకటించాడు. ఆ వార్త గోవాకు చేరిన తరువాత నగరమంతా వేడుకలు జరిగాయి. తెరేసమ్మ గౌరవార్థం జరిగిన వేష ప్రదర్శనలో దెల్లా వాల్లె స్వయంగా పాల్గొన్నాడు. ఎడారి అరబ్బు ప్రముఖుని వేషం ధరించి ఊరేగాడు. ముసుగు వేషాలు పల్లెలకు తగినవని రాసిన కలమే తన వేషాన్ని సంతోషంగా వర్ణించింది. ప్రేక్షకునిగా నిలబడినప్పుడు లోపాలు లెక్కించినవాడు, అడుగు కలిపినప్పుడు వాటిని మరచాడు. ఆయన ఎంచుకున్న వేషం కూడా ఆలోచించదగినదే. అరబ్బు దేశాల్లో తిరిగిన ఏళ్ళను ఆయన కతోలిక ఉత్సవంలోకి తెచ్చాడు. గోవావాసులు తమ ఋతువునూ, తమ కొమ్మలనూ తెచ్చిన తీరులోనే ఆయన తన ప్రవాసాన్ని ఆ ఉత్సవానికి సమర్పించాడు. రెండింటికీ గల ఈ పోలికను ఆయన గుర్తించినట్లు లేఖల్లో కనిపించదు.

అదే ఏడాది శరత్కాలంలో పోర్చుగీసు రాయబారితో కలిసి ఆయన కెళది పాలకుడు వెంకటప్ప నాయకుని రాజధాని ఇక్కేరికి ప్రయాణమయ్యాడు. ఆ దారిలో చూసిన దేవాలయాలను ఆయన వర్ణించిన పద్ధతి శాస్త్రీయం. గుడి నమూనాను అడుగులతో కొలిచి రాశాడు. పల్లకిలో దేవుని మూర్తి, దీపాల వరుస, వాద్యాలు, నాట్యగత్తెలు, గుడి చుట్టూ సాగే ప్రదక్షిణ, ఇవన్నీ ఓపికగా చిత్రించాడు. విగ్రహారాధనను ఆయన మతం అంగీకరించదు. ఆ అభ్యంతరాన్ని ఆయన దాచనూ లేదు. అయినా ఇది పల్లెకు తగినదా, నగరానికి తగినదా అనే ప్రశ్న ఇక్కడ వేయలేదు. తనది కానిదాన్ని ఉన్నది ఉన్నట్లుగా చూడగలిగాడు.

ఇక్కేరిలోనే, 1623 నవంబరులో, తెలుగు పాఠకులను నిలబెట్టే ఒక ఘట్టం ఉంది. సహగమనానికి సిద్ధపడిన ఒక స్త్రీ గుర్రం మీద నగర వీధుల్లో తిరగడం ఆయన చూశాడు. ముఖానికి ముసుగు లేదు. ఒక చేతిలో అద్దం, మరొక చేతిలో నిమ్మపండు. వెంట గొడుగు, డప్పులు, జనం. తరువాత ఆయన ఆమె ఇంటికి వెళ్ళి దుబాసీ సహాయంతో మాట్లాడాడు. ఆమె పేరును, జాతిని ఆయన ఇటాలియన్ ఉచ్చారణలో రాసుకున్న తీరును బట్టి, ఆమె జక్కమ్మ అనీ, తెలుగు స్త్రీ అనీ గుర్తించవచ్చు. భర్త డప్పు వాయించేవాడు. అంటే ఆమె కూడా పరభాషా రాజ్యంలో బతికిన కుటుంబానికి చెందినదే. బిడ్డలను విడిచి వెళ్ళడం గురించి ఆయన అడిగాడు, నిశ్చయం మానుకొమ్మని నచ్చజెప్పాడు. ఎవరి బలవంతమూ లేదని ఆమె సమాధానం. ఆమె కీర్తిని తన దేశంలో నిలుపుతానని మాట ఇచ్చి, ఆమె మీద కవితలు అల్లాడు.

ఈ ఘట్టాన్ని కరుణరస ప్రధానమైనదిగా మెచ్చుకోవడం సులభం. విమర్శ అక్కడ ఆగకూడదు. ఆమె మాట దుబాసీ నోటి మీదుగా, చుట్టూ జనం నిలబడి ఉండగా, ఒక పరదేశీయునికి చేరింది. ఆ మాటలో ఆమె ఇష్టం ఎంతో, ఆమె ముందు మిగిలిన మార్గాలు ఎన్నో తెలుసుకునే వీలు లేదు. ఊరేగింపు అనేది వ్యక్తిని నలుగురి ఎదుట ఒక నిర్ణయానికి కట్టివేయగలదు. గుర్రం ఎక్కి వీధులన్నీ తిరిగిన తరువాత వెనుదిరగడం ఎంత కష్టమో ఊహించవచ్చు. దెల్లా వాల్లె ఆ కోణాన్ని స్పృశించలేదు. గోవాలో పచ్చని కొమ్మలను చూసి ఉత్సవం హుందాతనాన్ని ప్రశ్నించినవాడు, ఇక్కేరిలో ఒక ప్రాణం పణంగా సాగిన ఊరేగింపులో శోభను చూశాడు. దూరం దృష్టికి విశాలతను ఇస్తుందన్నది నిజమే. ఆ విశాలత ఒక్కొక్కప్పుడు బాధ్యతను కూడా పలుచన చేస్తుందని ఈ ఘట్టం చెబుతుంది. అయినా జక్కమ్మ వంటి సామాన్య స్త్రీ పేరునూ, జాతినీ, భర్త వృత్తినీ అడిగి రాసుకున్నందుకు ఆయనకు తెలుగువారు ఋణపడి ఉంటారు.

జక్కమ్మ ముందు ఆయన అంతగా చలించడానికి మరొక కారణం ఉంది. ఆయన భార్య మాఅనీ 1621 డిసెంబరు చివర పర్షియా సముద్రతీర ప్రాంతంలో జ్వరంతో మరణించింది. ఆమెను పరదేశంలో పూడ్చడానికి ఆయనకు మనసొప్పలేదు. దేహానికి లేపనాలు పూయించి, పేటికలో భద్రపరచి, సామాన్ల మధ్య మరుగుపరచి వెంట తెచ్చాడు. శవం ఉన్నదని తెలిస్తే నావికులు ఓడ ఎక్కనివ్వరు. సుంకాధికారులు విప్పి చూస్తారు. ఆ విధంగానే మాఅనీ సూరత్ రేవులో దిగింది, గోవా చేరింది. సూరత్‌లో హోలీ చూస్తున్నప్పుడు, గోవాలో సత్ప్రసాద ప్రదక్షిణను తూస్తున్నప్పుడు, ఇక్కేరిలో జక్కమ్మతో మాట్లాడుతున్నప్పుడు ఆయన మనసులో ఆ పేటిక ఉంది. భర్త దేహం వెంట వెళ్ళదలచిన స్త్రీ ఎదుట, భార్య దేహాన్ని వెంటబెట్టుకు తిరుగుతున్న పురుషుడు నిలిచాడు. ఆ లేఖల్లో అత్యంత దీర్ఘమైన ఊరేగింపు ఇదే. దానికి వాద్యాలు లేవు, దీపాలు లేవు, ప్రేక్షకులు లేరు.

1626లో ఆయన రోమ్ చేరాడు. మాఅనీని ఆరాచేలీ దేవాలయంలోని తమ వంశ సమాధిలో ఉంచాడు. 1627లో ఘనంగా సంస్మరణ క్రతువు జరిపించి, తానే ప్రసంగించి, మధ్యలో దుఃఖం ఆపుకోలేకపోయాడు. బాగ్దాద్‌లో పెరిగిన తూర్పు క్రైస్తవ స్త్రీకి రోమ్ నగరం నడిబొడ్డున జరిగిన ఆ క్రతువు ఆమె పుట్టింటి ఆచారం ప్రకారం జరిగినది కాదు. ఆమె పక్షాన చూస్తే అదీ ప్రవాసంలో జరిగిన ఉత్సవమే. గోవావాసులు రోమ్ పండుగను తమ నేల మీద తమ పద్ధతిలో జరుపుకున్నారు. దెల్లా వాల్లె తూర్పు దేశపు దుఃఖాన్ని తన నేల మీద తన పద్ధతిలో జరుపుకున్నాడు. ప్రేమతో చేసినప్పుడు రూపం మారడం అపచారం కాదని ఆయన జీవితమే నిరూపించింది. ఆయన కలం మాత్రం ఆ మాట అనలేదు.

తెలుగు నేల మీద కతోలిక ఉత్సవాల తీరును గమనిస్తే ఈ చర్చ మరింత దగ్గరవుతుంది. విజయవాడ గుణదలలో 1924లో ఫాదర్ అర్లాటి అనే ఇటాలియన్ గురువు మరియమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించాడు. ఫ్రాన్సు దేశపు లూర్దు మాత పేర ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరిగే ఆ తిరునాళ్ళకు అన్ని మతాలవారూ వస్తారు. తలనీలాలు సమర్పిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. తెలుగు కతోలికులు తమ ఊరేగింపును ప్రదక్షిణ అంటారు, స్వరూపాన్ని నిలిపే రథాన్ని తేరు అంటారు. ఈ మాటలు గుడి నుంచి వచ్చినవే. దెల్లా వాల్లె గుణదలకు వచ్చి ఉంటే ఇదీ పల్లెకు తగినదనే అని ఉండేవాడు. నిజానికి ఆ పల్లెతనమే ఒక పరదేశపు భక్తిని ఇక్కడి వారి సొంతం చేసింది. పేరు ఫ్రాన్సుది, ప్రతిష్ఠించినవాడు ఇటలీవాడు, నడిచే కాళ్ళు కృష్ణా తీరానివి.

ఆంధ్ర యాత్రా సాహిత్యంలో ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చేసిన కాశీయాత్ర ఈ సందర్భంలో గుర్తుకు రాక మానదు. తన మతంలోనే, ఉత్తరాది ఆచారాలు దక్షిణాది ఆచారాలతో విభేదించిన చోటల్లా ఆయన ఆ భేదాన్ని రాసిపెట్టుకున్నాడు. మెచ్చినా, మెచ్చకపోయినా ముందు వివరం చెప్పడం ఆయన పద్ధతి. దెల్లా వాల్లె లేఖల బలం కూడా ఆ వివరంలోనే ఉంది. ఊరేగింపు పల్లెకు తగినదన్న మాట నేడు ఎవరికీ పనికిరాదు. జూన్ వానల వల్ల పండుగ ఏప్రిల్‌కు మారిందనీ, వీధులకు కొమ్మలు కట్టారనీ, ఇస్ఫహాన్ వర్తకులు హోలీ ఆడారనీ ఆయన రాసిన విషయాలు మాత్రం నాలుగు శతాబ్దాలకు చేరువగా చరిత్రకారులకు ఆధారంగా నిలిచాయి.

ఈనాడు సూరత్ మరొక విధంగా తెలుగువారికి పరిచితం. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు అక్కడి మరమగ్గాలపై జీవనం సాగిస్తూ తరాలుగా స్థిరపడ్డాయి. మహారాష్ట్రలోని షోలాపూర్‌లో స్థిరపడిన పద్మశాలీలు శ్రావణ పౌర్ణమినాడు మార్కండేయ రథోత్సవం జరుపుకుంటారు. సూరత్ వాడల్లో తెలుగు స్త్రీలు బతుకమ్మ పేరుస్తారు. దొరికే పూలు వేరు, మగ్గాల పాళ్ళను బట్టి తీరిక వేరు, పక్కింటివారి భాష వేరు. ఇటువంటి ఉత్సవాలను స్వస్థలంలోని వాటికి పలుచని ప్రతులుగా లెక్కగట్టే ధోరణి సాంస్కృతిక శాఖల సర్వేలలోనూ, సాహిత్య వ్యాసాలలోనూ తరచు కనిపిస్తుంది. పండుగను పుట్టిన జిల్లా పేరుతో నమోదు చేసి, వలస వెళ్ళిన చోటును ఒక వాక్యంతో ముగించడం పరిపాటి. ఫలితంగా ప్రవాసంలోని కుటుంబాలు ఏ పువ్వుకు బదులు ఏ పువ్వు వాడాయో, తేదీ ఎందుకు మార్చుకున్నాయో, ఏ వీధిలో ఎవరి అనుమతితో నడిచాయో ఎక్కడా లిఖితం కాదు. ఒక తరం గడిస్తే ఆ సమాచారం తిరిగి లభించదు.

ఇస్ఫహాన్ హోలీనీ, సూరత్ హోలీనీ పక్కపక్కన ఉంచి, జనసంఖ్య, సంపదల తేడా తప్ప మరొకటి లేదని రాసిన దెల్లా వాల్లె ఈ పనికి ఒక పద్ధతిని చూపాడు. గోవాలో తన మతం ఎదురైనప్పుడు ఆయన దాన్ని విడిచిపెట్టాడు. సొంత సంప్రదాయం దూరదేశంలో మారిన రూపంతో కనిపించినప్పుడే ఆ పద్ధతి ఎక్కువ అవసరమవుతుందని ఆయన లేఖలు తెలియజేస్తున్నాయి. ఇస్ఫహాన్ బనియాలకు ఆయన చేసిన న్యాయాన్ని సూరత్ పద్మశాలీలకు చేయవలసిన బాధ్యత నేటి పరిశోధకులది.